అత్తమ్మ ముల్లు

మా అత్తమ్మ పోయింది. వనపర్తి నుంచి పాన్‌గల్ వెళ్లే దారిలో రేకుల షెడ్డు ముందు బండి ఆపి కాల్చిన కోడి తిన్నవాళ్లలో చాలామందికి ఈ మాట ఈపాటికే చేరి ఉంటుంది. చేరనివాళ్ల కోసమూ, చేరినా ఆమె సంగతి సగమే తెలిసినవాళ్ల కోసమూ ఇది రాస్తున్నాను. కొన్నాళ్లుగా గుండె బలహీనపడి దవాఖానాలో ఉంది. ఆ పొద్దున చాయ్ కావాలని అడిగింది. మామ కిందికి వెళ్లి తెచ్చేలోపే కళ్లు మూసింది. ఆ కాగితం కప్పులోని చాయ్‌ను మామ తాగలేదు, పారబోయలేదు. చేతిలో పట్టుకునే ఇంటికి వచ్చాడు.

చూడటానికి వచ్చినవాళ్లంతా ఒకే మాట అన్నారు. "ఆమె చేతిల ఏదో ఉండె. ఆ చెయ్యి పోయింది. ఇంక దుకాణం ఏడ నడుస్తది?" ప్రేమతోనే అన్నారు, నాకు తెలుసు. అయినా నాకు ఒళ్లు మండింది. ఎందుకంటే అత్తమ్మ బతికినన్నాళ్లూ ఆ మెచ్చుకోలుతోనే పోట్లాడింది. ఎవరైనా "నీ చెయ్యి మంచిదమ్మా" అంటే, "చెయ్యి కాదు, ముల్లు" అని వెంటనే దిద్దేది. వాళ్లకు అర్థమయ్యేది కాదు. ఆమె వినయం అనుకుని నవ్వేసేవాళ్లు. మా అత్తమ్మలో వినయం పాలు తక్కువ. అది ఆమె నమ్మకం.

ముల్లు అంటే మాంసంలోకి గుచ్చి లోపలి వేడి ఎంతో చూసే డిజిటల్ థర్మామీటర్. ఆ పేరు నోరు తిరగక కాదు, ముల్లంటే సరిపోతుందని ఆమె ఉద్దేశం. తక్కెడకు ముల్లుంది, గడియారానికి ముల్లుంది, కోడికి ఎందుకుండకూడదు అనేది.

ఆమె పుట్టిల్లు గద్వాలలో చీరలు నేసే ఇల్లు. వనపర్తికి కోడలిగా వచ్చాక కూడా మగ్గం వదల్లేదు. మోకాళ్లు మొరాయించి గుంట మగ్గంలోకి దిగలేని రోజు వచ్చినప్పుడు, "కూసునే పని కాకపాయె, నిలబడే పని చేస్త" అంది. పాత ఆయిల్ డ్రమ్మును నిలువునా కోయించి, కాళ్లు అతికించి, పైభాగాన్ని మూతగా బిగించి రోడ్డు పక్కన పెట్టించింది. తుమ్మ బొగ్గు, ఉప్పుకారం పట్టించిన కోడి, ఒక బల్ల. దుకాణం మొదలైంది. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చింది ఆ తర్వాతే. మాది కల్వకుర్తి దగ్గర పల్లె, పత్తి, వేరుశనగ తప్ప వేరే ధ్యాస లేని ఇల్లు. కాళ్ల పసుపు ఆరకముందే అత్తమ్మ నా నడుముకు ఒక గోనె గుడ్డ చుట్టి డ్రమ్ము ముందు నిలబెట్టింది. చూడటానికి వచ్చిన మా అమ్మ ఆ వాలకంలో నన్ను చూసి, ఇంటికి పోయి చాలారోజులు మనసు పాడు చేసుకుందట.

ముల్లు కథ ఒక ఆదివారం మొదలైంది. శ్రీరంగాపూర్ వెళ్లొస్తున్న ఒక కుటుంబం ఆగింది. పైన చక్కగా కాలి, నూనె మెరుస్తున్న కోడిని అత్తమ్మ వాళ్ల ముందు పెట్టింది. పిల్లకు తొడ విరిచి ఇవ్వబోయిన తల్లి చేయి ఆగిపోయింది. ఎముక పక్కన మాంసం ఇంకా ఎర్రగా ఉంది. ఆ పిల్ల తండ్రి మంచివాడు, "ఇంత పచ్చి ఉంటే ఏమైతదమ్మా, పెట్టు" అన్నాడు. అత్తమ్మ ప్లేటు వెనక్కి తీసుకుంది. "నీకేం కాదు నాయనా. పిల్లకైతది" అని మళ్లీ డ్రమ్ము మీద వేసింది.

తెల్లారి మా ఇంట్లోని జ్వరం చూసే థర్మామీటర్ కనిపించలేదు. వెతికితే డ్రమ్ము దగ్గర, కోడి రొమ్ములో గుచ్చి ఉంది. అత్తమ్మ కళ్లద్దాలు సవరించుకుని చూస్తోంది. అంకె రావడం లేదు, ఏదో ఒక ఇంగ్లీషు అక్షరం మాత్రం వెలుగుతోంది.

"ఇదేంది పిల్లా, అంకె చూపిస్తలేదు?"

"అది మనుషుల జ్వరానికి అత్తమ్మా. కోడి అంత వేడైతే దానికి లెక్క తెల్వదు."

"మరి కోడికి లెక్క తెలిసింది ఏడ దొరుకుతది?"

అట్లా మా ఆయన ఫోన్‌లో వెతికి మొదటి ముల్లు తెప్పించాడు. కొన్నవాళ్లు ఇచ్చిన నక్షత్రాలు దేనికి ఎక్కువుంటే అది కొన్నాడు. దానితో పాటు లెక్క కూడా వచ్చింది. తొడలో మందంగా ఉన్నచోట, ఎముకకు తగలకుండా గుచ్చాలి, డెబ్బై నాలుగు డిగ్రీలు దాటాలి. ఎముకకు తగిలితే అంకె మాంసానిది కాదు, ఎముకది. అత్తమ్మ ఇది ఒక్కసారి విని పట్టేసింది. ఎందుకింత తొందరగా నమ్మావని నేను అడిగితే గద్వాల సంగతి చెప్పింది. వాళ్ల నాయన నూలుకు రంగు అద్దేవాడు. తొట్టి లోంచి తీసిన తడి నూలు చూసి ఎవరైనా రంగు బాగా వచ్చిందంటే ఊరుకునేవాడు కాదట. ఒక పోగు తెంపి, ఎండకు ఆరబెట్టి, అప్పుడు చూసి సరే అనేవాడట. "తడి నూలు అబద్ధమాడ్తది పిల్లా. కోడి తోలు గూడ గంతే" అంది.

ఇక దసరా సంగతి. మా వైపు దసరాకు పనిముట్టన్నదానికల్లా పూజ చేస్తారు. మగ్గం, నాగలి, కత్తెర, స్కూటర్, దేనికైనా బొట్టు పడాల్సిందే. అత్తమ్మ డ్రమ్మును తోమించింది, కత్తులు, పట్టుకార్లు కడిగింది. అన్నిటికంటే ఎక్కువ భక్తి ముల్లు మీద. దాన్ని నల్లా కింద పట్టి శుభ్రంగా స్నానం చేయించింది. మడత పడే కీలు దగ్గర పసుపు ముద్ద పెట్టి, దాని మీద కుంకుమ అద్ది, కొబ్బరికాయ కొట్టిన నీళ్లు దాని మీదే చల్లింది. రాత్రంతా అమ్మవారి పటం ముందు ఉంచింది. మేమందరం దండం పెట్టుకున్నాం. ఇంట్లో ఒక్కరికీ అనుమానం రాలేదు. ఏ దేశంలో ఎవరు తయారు చేశారో గానీ, తమ వస్తువు ఇంత గౌరవం చూస్తుందని వాళ్లు అనుకుని ఉండరు.

ఆ మర్నాడే పాన్‌గల్‌లో ఒక కొత్తింటి విందు. డ్రమ్మును ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని వెళ్లాం. ఆ ఇంటి పెద్దాయన వరుసలో మొదట కూర్చున్నాడు. వాళ్లింట్లో మాంసం దిగగానే ముందు ముక్క ఆయన కొరికి తలూపాలి, తర్వాతే మిగతా విస్తళ్లలో పడాలి. అది వాళ్ల పద్ధతి. అత్తమ్మ మొదటి కోడికి ముల్లు పెట్టింది. ఎనభై రెండు. ఆమె మొహంలో సంతోషం రాలేదు. "ఇంత జల్దీ ఎట్లయితది?" అని గొణిగింది. రెండో దానికి పెట్టింది. మళ్లీ ఎనభై రెండు. అప్పుడే డ్రమ్ము మీద వేసిన దానికి పెట్టింది. డెబ్బై తొమ్మిది.

ఆమె పక్కనున్న తాగే నీళ్ల గ్లాసు అందుకుని ముల్లును అందులో ముంచింది. చల్లటి నీళ్లు. అరవై ఒకటి అని చూపించింది.

నేను ఆమె మొహం చూశాను, ఆమె నా మొహం చూసింది. కీలు దగ్గర పసుపు ఇంకా తడిగానే ఉంది.

పెద్దాయన ముందుకు అప్పటికే ప్లేటు వెళ్లింది. అత్తమ్మ కుంటుకుంటూ వెళ్లి ఆయన చేతికందకుండా దాన్ని లాక్కుంది. విస్తళ్ల ముందు అందరూ చూస్తున్నారు. లోపల ఉడికిందో లేదో తెల్వదని, మళ్లీ కాల్చాలని, జర ఆగుమని చెప్పింది.

"పుట్టినప్పటిసంది తింటున్న" అన్నాడు పెద్దాయన. "ఏ ముల్లును అడిగి తిన్ననమ్మా? నేను కొరికి చెప్త ఉడికిందో లేదో."

"నువ్వు కొరికితే నీ ముక్క సంగతి తెలుస్తది అయ్యా. ఆ చివర్ల కూసున్న పిల్ల ముక్క సంగతి తెల్వదు."

"గింతమంది ముందట ముద్ద గుంజుకుంటవా?"

"తిట్టుండ్రి, పడ్త. పచ్చిది మాత్రం పెట్ట."

ఒక కోడిని అక్కడే కోసింది. తొడ కీలు దగ్గర గులాబీ రంగు నీరు కారింది. అందరూ చూశారు. ఆమె అన్నిటినీ తిరిగి డ్రమ్ము మీదికి పంపింది, ఒక్కోదాన్నీ కోసి లోపల చూశాకే వడ్డించమంది. కోళ్ల రూపు చెడింది, ఆలస్యమైంది, జనం ఆకలితో సణిగారు. పెద్దాయన ముక్క ముట్టలేదు. పెరుగన్నం కలుపుకు తిని, అత్తమ్మ వైపు చూడకుండా లేచి వెళ్లాడు. తర్వాత ఆ ఇంట్లో ఏ ఫంక్షన్ అయినా కోడి మాదే, పిల్లలు వేరేది ఒప్పుకోరు. కానీ మా ప్లేటు వచ్చే వేళకు ఆయన మాత్రం పెరుగన్నమే తినేవాడు. ఆ పంతం చూసి అత్తమ్మకు లోలోపల ముచ్చటేసేదని నా అనుమానం.

ఆ రోజు ఆమె అక్కడ నిలబడ్డ తీరు నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది. తప్పు తన భక్తిదేనని తెలుసు. దాచాలనుకుంటే క్షణం పట్టదు, బయట చక్కగా కాలే ఉంది, పెద్దాయన తలూపేవాడే. ఆమె దాచలేదు. నేను ఈమె కోడలిని అని ఛాతీ విరుచుకుని అనుకున్న మొదటి రోజు అది.

ఆ తర్వాత కొత్త ముల్లు వెతుకులాట మొదలైంది. ఈసారి మా ఆయనను ఫోన్ ముట్టనివ్వలేదు. "నక్షత్రాలు నువ్వు లెక్కవెట్టినవ్ గదా, సాలు" అని అతని పక్కన కూర్చుని ఒక్కొక్కటి చదివించుకుంది. అంకె ఎంతసేపటికి వస్తుంది అన్నది ఆమె మొదటి ప్రశ్న. మొదటిది తాపీగా ఆలోచించేది, అంతసేపూ డ్రమ్ము మూత తెరిచి ఉంచితే వేడంతా గాల్లో కలిసేది. మొన సన్నగా ఉండాలంది, లావుగా ఉంటే కోడికి బొక్క పడి రసమంతా కారిపోతుందని. పొగలోనూ, చీకటిలోనూ తన కళ్లకు ఆనేంత పెద్ద అంకెలు, వెనక వెలుతురు. బ్యాటరీ మన ఊరి గడియారాల దుకాణంలో దొరికేదై ఉండాలి, పట్నం పోయి తెచ్చుకునేది వద్దు. అన్నిటికంటే ముఖ్యం, తడికి చెడిపోకూడదు.

ఆ చివరి మాట కోసం అమ్మే కంపెనీ వాళ్లకు ఫోన్ చేయించింది. అవతల పిల్లవాడెవరో ఓపికగా నీళ్లలో మునిగినా ఏం కాదని చెప్పాడు.

"నీళ్లు సరే నాయనా. పసుపు ముద్ద, కుంకుమ, కొబ్బరినీళ్లు? రాత్రంతా?"

అవతల ఏవో కాగితాలు తిరగేశాడు. "అది మా దగ్గర రాసి లేదమ్మా" అన్నాడు.

"రాసుకోండ్రి. దసరా ఏటా వస్తది."

పార్సిల్ వస్తే పరీక్ష మా ఇంటి వెనకాల. జ్యూస్ దుకాణం నుంచి ఐసు తెప్పించి, చితక్కొట్టి, గ్లాసు నిండా వేసి కొంచెం నీళ్లు పోసేది. అందులో ముల్లు సున్నా చూపాలి. పక్కన పొయ్యి మీద నీళ్లు తెర్లుతుండాలి, అందులో వందకు దగ్గరగా రావాలి. మన వైపు నేల కొంచెం ఎత్తు కనుక వందకు ఒక డిగ్రీ దాకా తగ్గుతుందని మా ఆయన చెబితే ఒప్పుకుంది, "ఒక్కటి తగ్గితే నేల తప్పు, నాలుగు తగ్గితే దీని తప్పు" అని. ఆ లెక్కన ఒకటి తిరిగి వెళ్లింది. ఇంకొకటి మంచులో సరిగ్గా ఉండి మసిలే నీళ్లలో తప్పు చూపింది, అదీ వెళ్లింది. మూడోది రెండు చోట్లా నిలబడింది. దాన్ని చెంబులో పూర్తిగా ముంచి, తీసి, తుడిచి మళ్లీ చూసింది. అంకె మారలేదు. అప్పుడు నవ్వింది. ఆ సంవత్సరం నుంచి దసరాకు బొట్టు ముల్లుకు కాదు, ముల్లు డబ్బాకు. దేవుడికి కోపం రాదా అని మామ ఆటపట్టిస్తే, "అమ్మవారు గూడ ఉడికినదే తింటది" అంది.

తర్వాత మటన్ తొడను మూత వేసి మామిడి కట్టె పొగలో గంటల తరబడి ఉంచడం నేర్చుకున్నాక, తీగ ఉన్న ఇంకో ముల్లు తెప్పించుకుంది. ఒక కొన మాంసంలో, ఇంకో కొన ఇనుప జాలీ మీద మాంసం పక్కన. మూత తీయకుండానే రెండు అంకెలూ బయట కనిపిస్తాయి. మూత మీద అప్పటికే బిగించిన గుండ్రటి మీటర్‌ను మాత్రం నమ్మేది కాదు. "గది మూత వేడి చెప్తది. మూతను ఎవరన్న తింటరా?"

నాగర్‌కర్నూల్ నుంచి ఇద్దరు అక్కాచెల్లెళ్లు ఇటువంటి దుకాణమే పెట్టుకుంటామని వచ్చారు. అత్తమ్మ మసాలా పాళ్లు, బొగ్గు, పొగ, అన్నీ చెప్పింది. చివర్లో ఐసు గ్లాసు ముందు పెట్టి ఇద్దరితోనూ ముల్లు పట్టించింది. వాళ్లు వెళ్లాక నాకు ఉక్రోషం వచ్చింది. అన్నీ చెప్పేస్తే మనకేం మిగులుతుంది అన్నాను.

"చెయ్యి నాతోనే పోతది పిల్లా" అంది. "ముల్లు ఉంటది. నా చెయ్యి చూసి తినెటోళ్లు నేను పోతే రారు. ముల్లు చూసి తినెటోళ్లు నీ దగ్గరికి వస్తరు. నేను దాని వెనకాల గందుకే పడ్డ."

ఆ రోజు నుంచి ముల్లు నా చేతికి వచ్చింది. ఆమె కుర్చీలో కూర్చునేది. నేను గుచ్చగానే "ఎంత?" అనేది. నేను అంకె చెప్పేదాన్ని. "కానీ" అనేది, లేకుంటే "ఇంక ఉండనీ" అనేది. మా ఇద్దరి మధ్య ప్రేమంతా దాదాపు ఈ మూడు మాటల్లోనే నడిచింది. మెచ్చుకోవడం ఆమెకు రాదు. నేనూ అడగలేదు.

దవాఖానాలో కూడా ఊరుకోలేదు. నర్సు జ్వరం చూస్తే, "ఎంత?" అంది.

"నూటొకటి ఉందమ్మా."

"గది వేరే లెక్క బిడ్డా. మా ముల్లుల ముప్పై ఎనిమిది చూపిస్తది." నర్సు చేతిలోని థర్మామీటర్ చూపించి అడిగింది, "దాన్ని ఎన్నడన్న మంచు నీళ్లల్ల పెట్టి చూసినవా?"

ఆ నర్సు నవ్వు ఆపుకోలేక పక్క మంచం వాళ్లకు కూడా చెప్పింది. ఆమె అందరినీ నవ్విస్తూ పడుకున్న ఆ సాయంత్రాన్నే నేను ఎక్కువగా తలుచుకుంటాను.

దినం నాడు మా ఇంటి ముందు టెంటు కింద ఊరంతా కూర్చుంది. కోడి వేరేవాళ్లతో చేయిద్దామని చుట్టాలు అన్నారు, ఈ దుఃఖంలో నీకెందుకని. నేను ఒప్పుకోలేదు. ఈ రోజు నా చేతి మీదుగా దిగేది సరిగా లేకపోతే, ఆ చెయ్యి పోయింది అన్న మాటే నిజమైపోతుంది. ఆమె ఇన్నేళ్లు పోట్లాడింది వృథా అవుతుంది. పొద్దున్నే ఐసు గ్లాసు పెట్టాను, పొయ్యి మీద నీళ్లు పెట్టాను. గుచ్చిన ప్రతిసారీ వెనకనుంచి "ఎంత?" వినిపిస్తుందేమోనని ఆగాను. ఎవరూ అడగలేదు. అంకెలు నాకు నేనే పైకి చెప్పుకున్నాను.

విస్తళ్లు వేశాక చూస్తే వరుసలో పాన్‌గల్ పెద్దాయన. ఇప్పుడు ఇంకా ముసలివాడయ్యాడు, మనవడు చేయి పట్టి కూర్చోబెట్టాడు. నేను పెరుగు గిన్నె తేవడానికి లోపలికి తిరిగాను. ఆయన చేయెత్తి ఆపాడు. విస్తట్లో పడిన కోడి తొడ వైపు చూసి, నా వైపు చూశాడు.

"ముల్లు పెట్టినవా బిడ్డా?"

"పెట్టిన తాతా."

"ఎంతొచ్చింది?"

"డెబ్బై ఎనిమిది."

"ముల్లును నీళ్లల్ల చూసినవా?"

"పొద్దుగాల్నే చూసిన. మంచుల, మసిలే నీళ్లల్ల, రెండిట్ల."

ఆయన "కానీ" అన్నాడు. విస్తరి దగ్గరికి జరుపుకుని తొడ విరిచాడు. ఎముక దాకా తిన్నాడు. ఆయన తినడం చూశాక టెంటు కింద మాటలు తగ్గి, అందరి చేతులూ ముక్కల మీద పడ్డాయి. ఆ రోజు "ఆ చెయ్యి పోయింది" అన్న మాట నా చెవిన మళ్లీ పడలేదు. నాకు ఏడుపు వచ్చింది, గర్వమూ వచ్చింది, రెండూ ఒకేసారి.

లోపల ఆమె పటం ముందు ఆమె ఇష్టపడ్డవన్నీ పెట్టాం. ఆమె తన చేత్తో నేసుకున్న చివరి చీర, కళ్లద్దాలు, ఆకు, వక్క. వాటి పక్కన మామ ముల్లు డబ్బా తెచ్చి పెట్టాడు. ఏటా దసరాకు ఒకదాని మీద ఒకటి పెట్టిన బొట్లతో మూత ఎర్రగా, దళసరిగా ఉంది. దండం పెట్టుకోవడానికి వచ్చిన మా ఆడబిడ్డ దాన్ని తెరిచి చూసి, "వదినా, ఇది ఖాళీగ ఉంది గద" అంది. బయట డ్రమ్ము మీద చివరి వరుస కోళ్లు కాలుతున్నాయి. ముల్లు అక్కడ ఒక తొడలో గుచ్చి ఉంది.